బార్బరా మెక్‌క్లింటాక్

బార్బరా మెక్‌క్లింటాక్ (జూన్ 16, 1902 – సెప్టెంబరు 2, 1992) అమెరికా దేశానికి చెందిన సుప్రసిద్ధ కణజన్యు శాస్త్రవేత్త. మొక్కజొన్నను ప్రయోగ వస్తువుగా స్వీకరించి, జీవితమంతా క్రోమోజోముల నిర్మాణాన్నీ, ప్రవర్తననూ పరిశీలించింది. జన్యువులు క్రోమోజోముపై ఎల్లప్పుడూ ఒకే స్థానంలో ఉండవని, వాటిలో కొన్ని ఒక చోటి నుండి మరొక చోటికి తరలిపోగలవని మొట్టమొదట నిరూపించినది ఈమే. ఇందుకు 1983లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ విభాగంలో బహుమతిని ఎవరితోనూ పంచుకోకుండా పొందిన మొదటి మహిళ ఈమె.

స్థానం మార్చే జన్యువులే ఈమెకు ఎక్కువ పేరు తెచ్చినా, అంతకు ముందే ఈమె లేవనెత్తిన మరొక ప్రశ్న జీవశాస్త్రంలో అంతే ముఖ్యమైనది. విరిగిన క్రోమోజోమును కణం ఎలా గుర్తిస్తుంది, ఎలా బాగుచేసుకుంటుంది అన్నదే ఆ ప్రశ్న. దీనికి సమాధానాలు తరువాతి కాలంలో చాలావరకు ఈస్టు కణాలలో, ముఖ్యంగా డీఎన్‌ఏ పురిని విప్పే ఎంజైముల అధ్యయనంలో దొరికాయి.

బాల్యం, కుటుంబం

మెక్‌క్లింటాక్ కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో జన్మించింది. తండ్రి థామస్ హెన్రీ మెక్‌క్లింటాక్ హోమియోపతి వైద్యుడు. తల్లి పేరు సారా హ్యాండీ. నలుగురు సంతానంలో ఈమె మూడవది. పుట్టినప్పుడు ఎలినార్ అని పేరు పెట్టారు. ఆ పేరు మరీ సుకుమారంగా ఉన్నదని, ఈ పిల్ల స్వభావానికి తగదని భావించి కొద్దికాలానికే బార్బరా అని మార్చారు.

తండ్రి వైద్యవృత్తిలో నిలదొక్కుకునే వరకు ఇల్లు గడవడం కష్టంగా ఉండేది. అందువలన మూడేళ్ళ వయసు నుండి బడిలో చేరే వరకు బార్బరా న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో బంధువుల ఇంట పెరిగింది. 1908లో కుటుంబమంతా బ్రూక్లిన్‌కు తరలివచ్చింది. ఈమె చిన్ననాటి నుండి ఏకాంతప్రియ. ఎరాస్మస్ హాల్ హైస్కూలులో చదువుతుండగా విజ్ఞానశాస్త్రంపై ఆసక్తి ఏర్పడింది. 1919లో అక్కడ చదువు ముగించింది.

కళాశాలకు వెళ్ళాలన్న కోరికకు తల్లి అడ్డుచెప్పింది. పెద్ద చదువులు చదివిన ఆడపిల్లకు పెళ్ళి కాదేమోనని ఆమె భయం. తండ్రి ఆ సమయంలో సైనిక వైద్యవిభాగంలో పనిచేస్తూ ఫ్రాన్సులో ఉన్నాడు. యుద్ధం ముగిసి ఆయన తిరిగి వచ్చిన తరువాత కుమార్తె పక్షం వహించడంతో 1919లో కార్నెల్ విశ్వవిద్యాలయపు వ్యవసాయ కళాశాలలో చేరగలిగింది.

కార్నెల్‌లో విద్యాభ్యాసం

కార్నెల్‌లో మెక్‌క్లింటాక్ చదువుతో పాటు విద్యార్థి సంఘంలోను, సంగీతంలోను పాలుపంచుకుంది. జాజ్ సంగీత బృందంలో బాంజో వాయించేది. 1921లో సి.బి. హచిసన్ బోధించిన జన్యుశాస్త్ర పాఠాలు ఈమె జీవితాన్ని మలుపుతిప్పాయి. ఈమె శ్రద్ధను గమనించిన హచిసన్, మరుసటి సంవత్సరం స్నాతకోత్తర స్థాయి తరగతికి రావలసిందిగా స్వయంగా టెలిఫోనులో ఆహ్వానించాడు. ఈమె 1923లో బి.ఎస్సీ., 1925లో ఎం.ఎస్., 1927లో వృక్షశాస్త్రంలో పిహెచ్.డి. పట్టాలు పొందింది.

మెండెల్ సూత్రాలు తిరిగి వెలుగులోకి వచ్చి అప్పటికి పాతిక సంవత్సరాలైనా కాలేదు. జన్యువులు క్రోమోజోములపై ఉంటాయని టి.హెచ్. మోర్గన్ బృందం పండ్ల ఈగలలో చూపింది. మొక్కలలో మాత్రం ఏ క్రోమోజోము ఏదో గుర్తుపట్టే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. ఆ పనిని మెక్‌క్లింటాక్ చేపట్టింది. కణాలకు రంగు పట్టించి గాజు పలకపై సున్నితంగా అదిమి చూసే విధానాన్ని మెరుగుపరిచి, మొక్కజొన్న పరాగరేణువు ఏర్పడే దశలో పది క్రోమోజోములనూ వేరువేరుగా గుర్తించింది. వాటి పొడవు, సెంట్రోమియర్ స్థానం, గుబ్బల వంటి గుర్తులు ఆధారంగా ఒక్కొక్క దానికి సంఖ్య ఇచ్చింది. ఈ వివరాలు 1929లో సైన్స్ పత్రికలో వెలువడ్డాయి.

ఆ రోజులలో ఆర్.ఎ. ఎమర్సన్ నాయకత్వాన కార్నెల్ మొక్కజొన్న జన్యుశాస్త్రానికి కేంద్రంగా ఉండేది. మార్కస్ రోడ్స్, జార్జ్ బీడిల్, చార్లెస్ బర్న్‌హామ్, హారియెట్ క్రైటన్ ఈమెకు సహచరులు. వీరిలో బీడిల్ 1958లో నోబెల్ బహుమతి పొందాడు.

జన్యు వినిమయానికి ప్రత్యక్ష సాక్ష్యం

క్షయకరణ విభజన జరిగేటప్పుడు జత క్రోమోజోముల మధ్య జన్యువులు తారుమారవుతాయని ప్రయోగ ఫలితాలను బట్టి శాస్త్రవేత్తలు ఊహించారు. అయితే ఆ సమయంలో క్రోమోజోము ముక్కలు నిజంగా చేతులు మారుతున్నాయని కంటితో చూసినవారు లేరు. ఇందుకు కావలసిన మొక్క మెక్‌క్లింటాక్ వద్ద ఉన్నది. దాని తొమ్మిదవ క్రోమోజోముకు ఒక చివర గుబ్బ, మరొక చివర వేరే క్రోమోజోము నుండి వచ్చి అతుక్కున్న ముక్క ఉండేవి. ఆ రెండు గుర్తుల నడుమ గింజ రంగును, గింజలోని పిండిపదార్థపు స్వభావాన్ని నిర్ణయించే జన్యువులు ఉన్నాయి.

క్రైటన్, మెక్‌క్లింటాక్ కలిసి ఈ మొక్కల సంతతిని పరిశీలించగా, జన్యువులు తారుమారైన గింజల నుండి వచ్చిన మొక్కలలో సూక్ష్మదర్శినికి కనిపించే గుర్తులు కూడా తారుమారై ఉన్నాయి. జన్యు వినిమయం అంటే క్రోమోజోము భాగాల భౌతిక వినిమయమేనని దీనితో రుజువైంది. జర్మనీలో కర్ట్ స్టెర్న్ ఇదే విషయాన్ని ఈగలలో పరిశోధిస్తున్న సంగతి ఎరిగిన మోర్గన్, ఆలస్యం చేయక ప్రకటించమని వీరిని ప్రోత్సహించాడు. ఆ విధంగా 1931లో వెలువడిన ఈ వ్యాసం స్టెర్న్ వ్యాసం కంటే కొద్దిగా ముందు వచ్చింది.

ఉద్యోగం లేని సంవత్సరాలు

ఇంతటి కృషి చేసిన మెక్‌క్లింటాక్‌కు స్థిరమైన ఉద్యోగం మాత్రం లభించలేదు. ఆర్థిక మాంద్యం దేశాన్ని పీడిస్తున్న కాలమది. పైగా విశ్వవిద్యాలయాలలో మహిళలకు అధ్యాపక పదవులు ఇవ్వడం అరుదు. 1931 నుండి రెండు సంవత్సరాలు జాతీయ పరిశోధన మండలి వేతనంపై కార్నెల్, మిస్సోరీ, కాలిఫోర్నియా సాంకేతిక సంస్థల మధ్య తిరుగుతూ పనిచేసింది. మిస్సోరీలో లూయిస్ స్టాడ్లర్ ఎక్స్‌కిరణాలతో మొక్కలలో ఉత్పరివర్తనలు కలిగిస్తున్నాడు. ఆ కిరణాల తాకిడికి క్రోమోజోములు విరగడం, విరిగిన కొసలు అతుక్కొని ఉంగరంలా మారడం ఈమె అక్కడే పరిశీలించింది. కణంలో కేంద్రకాంశం ఏర్పడడానికి ఆధారమైన క్రోమోజోము ప్రాంతాన్ని గుర్తించి 1934లో ప్రకటించింది.

1933లో గుగెన్‌హైమ్ వేతనంపై జర్మనీ వెళ్ళింది. అప్పటికే నాజీలు అధికారంలోకి వచ్చారు. యూదు శాస్త్రవేత్తలు ఉద్యోగాలు పోగొట్టుకొని దేశం విడిచిపోతున్నారు. ఆ వాతావరణానికి కలతచెంది, అనుకున్న గడువు కంటే ముందే 1934లో స్వదేశానికి తిరిగివచ్చింది. ఎమర్సన్ ప్రయత్నంతో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయం అందగా 1936 వరకు కార్నెల్‌లో కాలం గడిపింది. ఆ సంవత్సరమే స్టాడ్లర్ చొరవతో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో సహాయ ఆచార్య పదవి దొరికింది.

విరుగుట – అతుకుట – వంతెన

మిస్సోరీలో గడిపిన ఐదు సంవత్సరాలలో మెక్‌క్లింటాక్ కనుగొన్న విషయం జన్యు స్థిరత్వ శాస్త్రానికి పునాది అని చెప్పవచ్చు. దానిని ఈ క్రింది విధంగా వివరించవచ్చును.

ఒక క్రోమోజోము కొస విరిగిందనుకొందాము. కణం విభజనకు సిద్ధమయ్యేటప్పుడు ఆ క్రోమోజోము రెండు ప్రతులవుతుంది. రెండింటికీ విరిగిన కొసలే ఉంటాయి. ఆ రెండు కొసలూ ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. ఇప్పుడు ఏర్పడిన పొడవాటి క్రోమోజోముకు రెండు సెంట్రోమియర్లు ఉంటాయి. కణవిభజనలో సెంట్రోమియర్లు చెరొక ధ్రువం వైపు లాగబడతాయి కనుక, నడిమి భాగం వంతెనవలె సాగి, చివరకు ఎక్కడో ఒకచోట తెగుతుంది. తెగిన చోటు మునుపటి అతుకు వద్దనే ఉండనక్కరలేదు. కాబట్టి ఒక పిల్ల కణానికి కొన్ని జన్యువులు ఎక్కువ వస్తాయి, రెండవదానికి అవే తక్కువవుతాయి. రెండు కణాలకూ మళ్ళీ విరిగిన కొసలే వారసత్వంగా వచ్చాయి. అందువలన తరువాతి విభజనలో ఇదంతా మొదటికి వస్తుంది. ఒక్క విరుపు తరతరాల అస్థిరతకు దారితీస్తుందన్నమాట.

1938, 1941 సంవత్సరాలలో ప్రకటించిన వ్యాసాలలో ఈమె ఈ చక్రాన్ని వర్ణించింది. అందులో గమనించదగిన విశేషం మరొకటి ఉంది. గింజలో ఆహారం నిలువ ఉండే అంకురచ్ఛదంలో ఈ చక్రం ఆగకుండా సాగుతుండగా, మొక్కగా ఎదిగే పిండంలో మాత్రం విరిగిన కొస మాని, సహజమైన కొసవలె స్థిరపడుతోంది. అంటే విరిగిన కొసను మాన్పే శక్తి కొన్ని కణాలకు ఉన్నది, కొన్నింటికి లేదు. సహజమైన కొసలు ఎన్నడూ ఒకదానికొకటి అంటుకోవు. ఇదే కాలంలో హెర్మన్ ముల్లర్ ఈగలపై పరిశోధనలలో ఇటువంటి నిర్ధారణకే వచ్చి, క్రోమోజోము కొసకు 1938లో టెలోమియర్ అని పేరు పెట్టాడు. తాడు కొసన ముడి వేయకపోతే పురి విడిపోతుందని మనకు తెలుసు. క్రోమోజోముకు టెలోమియర్ అటువంటి ముడి.

కోల్డ్ స్ప్రింగ్ హార్బర్

మిస్సోరీలో తనకు పదోన్నతి లభించే అవకాశం లేదని భావించిన మెక్‌క్లింటాక్ 1941లో ఆ ఉద్యోగం వదులుకుంది. వేసవిలో మొక్కజొన్న నాటడానికి నేల కావలసి వచ్చి, మిత్రుడు రోడ్స్ సలహాపై న్యూయార్క్ సమీపాన సముద్రతీరంలో ఉన్న కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌కు చేరింది. అక్కడి కార్నెగీ సంస్థ జన్యుశాస్త్ర విభాగపు సంచాలకుడు మిలిస్లావ్ డెమెరెక్ ముందుగా తాత్కాలిక పదవి ఇచ్చి, తరువాత స్థిరపరిచాడు. బోధన బాధ్యతలు లేకుండా పరిశోధనకే పరిమితమైన ఈ ఉద్యోగం ఈమె స్వభావానికి సరిగా సరిపోయింది. మిగిలిన జీవితమంతా అక్కడే గడిపింది.

1944లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికైంది. ఈ గౌరవం పొందిన మూడవ మహిళ ఈమె. 1945లో అమెరికా జన్యుశాస్త్ర సంఘానికి మొదటి మహిళా అధ్యక్షురాలైంది. 1944లోనే బీడిల్ ఆహ్వానంపై స్టాన్‌ఫర్డ్ వెళ్ళి, న్యూరోస్పోరా అనే బూజు క్రోమోజోములు ఏడని తేల్చి, ఆ శిలీంధ్రపు క్షయకరణ విభజనను వివరించింది.

తరలివెళ్ళే జన్యువులు

తొమ్మిదవ క్రోమోజోము విరిగిన మొక్కలను పరస్పరం సంకరం చేసి 1944 ప్రాంతంలో పెంచిన సంతతిలో మెక్‌క్లింటాక్ విచిత్రమైన మచ్చలను గమనించింది. ఒకే ఆకుపై పక్కపక్కనే ఉన్న రెండు భాగాలలో ఒకదానిలో మచ్చలు విపరీతంగా పెరిగి, రెండవదానిలో ఆ మేరకు తగ్గి కనిపించాయి. విభజన సమయంలో ఒక కణం పోగొట్టుకొన్నదానిని పక్క కణం పొందిందని ఈమె గ్రహించింది.

ఆపై ఆరు సంవత్సరాలు సాగిన పరిశోధనలో రెండు అంశాలు తేలాయి. తొమ్మిదవ క్రోమోజోముపై ఒక నిర్దిష్ట స్థానంలో మాటిమాటికీ విరుపు కలుగుతోంది. ఆ స్థానంలోని అంశానికి డీఎస్ అని పేరు పెట్టింది. అయితే మరొక అంశం కణంలో ఉంటేనే డీఎస్ పనిచేస్తోంది. ఆ రెండవ దానికి ఏసీ అని పేరు పెట్టింది. 1948 నాటికి డీఎస్ తన చోటు విడిచి క్రోమోజోముపై వేరొక చోట చేరడం ఈమె గుర్తించింది. గింజకు ఊదారంగు నిచ్చే జన్యువులో అది దూరితే ఆ జన్యువు పనిచేయక గింజ తెల్లబడుతుంది. గింజ పెరుగుతుండగా ఏసీ ప్రభావం వలన డీఎస్ బయటకు వచ్చేస్తే, ఆ కణానికి పుట్టిన కణాలన్నిటికీ రంగు తిరిగి వస్తుంది. అందుకే తెల్లని గింజపై ఊదా మచ్చలు ఏర్పడతాయి. తొందరగా బయటపడితే పెద్ద మచ్చ, ఆలస్యమైతే చిన్న మచ్చ. కండెలోని గింజల మచ్చలను చూసి కణంలోపల ఏ ఘటన ఎప్పుడు జరిగిందో చెప్పగల నేర్పు ఈమెది.

డీఎన్‌ఏ నిర్మాణం ఇంకా తెలియని రోజులవి. వాట్సన్, క్రిక్ నమూనా వెలువడినది 1953లో. అంతకు ముందే, కేవలం సంకర ప్రయోగాలు, సూక్ష్మదర్శిని పరిశీలనలు ఆధారంగా ఈమె ఈ నిర్ధారణకు వచ్చిందని గుర్తుంచుకోవాలి.

శాస్త్రలోకం స్పందన

మెక్‌క్లింటాక్ తన ఫలితాలను 1950లో వ్యాసరూపంలో ప్రకటించి, 1951లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సులో వివరించింది. శ్రోతలు ఆ ఉపన్యాసాన్ని అర్థం చేసుకోలేక మౌనం వహించారని, ఈమెను పట్టించుకోకుండా వదిలివేశారని విస్తృతంగా చెప్పుకోబడుతున్నది. 1983లో ఎవెలిన్ ఫాక్స్ కెల్లర్ రాసిన జీవితచరిత్ర ఈ అభిప్రాయానికి ప్రచారం కల్పించింది.

తరువాతి చరిత్రకారులు, ముఖ్యంగా 2001లో మరొక జీవితచరిత్ర రాసిన నథానియెల్ కంఫర్ట్, ఈ కథనాన్ని సవరించారు. మొక్కజొన్న పరిశోధకులు జన్యు అంశాల తరలింపును చాలావరకు అంగీకరించారు. విస్కాన్సిన్‌లో ఆర్.ఎ. బ్రింక్ బృందం కూడా 1950లలో అటువంటి అంశాన్నే గుర్తించింది. ఇతరులు అంగీకరించనిది ఈమె చేసిన విశాలమైన వ్యాఖ్యానాన్ని. ఈ అంశాలు ఇతర జన్యువులను అదుపు చేస్తూ, ఒకే కణం నుండి వివిధ అవయవాలు రూపొందడానికి కారణమవుతాయని ఈమె భావించింది. అందుకే వాటిని నియంత్రక అంశాలు అని పిలిచింది. జీవి ఎదుగుదల ప్రధానంగా ఈ తరలింపులపై ఆధారపడదని తరువాత తేలింది. అయితే జన్యువులను ఇతర అంశాలు అదుపు చేస్తాయన్న మూలభావన సరైనదే. ఫ్రాన్సులో జాకబ్, మోనో బ్యాక్టీరియాలో జన్యు నియంత్రణను వివరించినప్పుడు, ఆ విధానానికీ మొక్కజొన్నకూ గల పోలికను చూపుతూ 1961లో ఈమె ఒక వ్యాసం రాసింది.

ఏమైనా, తన మాట వినేవారు తక్కువని గ్రహించిన మెక్‌క్లింటాక్ 1953 తరువాత ఈ విషయంపై ప్రధాన పత్రికలలో రాయడం బాగా తగ్గించి, వివరాలను కార్నెగీ సంస్థ వార్షిక నివేదికలలో పొందుపరచసాగింది. పరిశోధన మాత్రం మానలేదు. 1957 నుండి మధ్య, దక్షిణ అమెరికాలలోని దేశవాళీ మొక్కజొన్న రకాల క్రోమోజోములను అధ్యయనం చేసి, ఆ పంట ఏ దారులలో వ్యాపించిందో తెలుసుకోవడానికి తోడ్పడింది. ఈ కృషి సహరచయితలతో కలిసి 1981లో గ్రంథరూపం దాల్చింది.

1960ల చివరి నుండి బ్యాక్టీరియాలో, తరువాత ఈగలలో, ఈస్టులో తరలివెళ్ళే డీఎన్‌ఏ అంశాలు ఒకటొకటిగా బయటపడ్డాయి. మొక్కజొన్నకే పరిమితమైన వింతగా తోచినది సర్వజీవులకూ సామాన్య లక్షణమని అర్థమైంది. మానవ జన్యురాశిలో దాదాపు సగం, 2009లో వెలువడిన మొక్కజొన్న జన్యురాశిలో సుమారు 85 శాతం ఇటువంటి అంశాల నుండి వచ్చినవే.

ఈస్టులో దొరికిన సమాధానాలు

రొట్టెలు పొంగించడానికి వాడే ఈస్టు ఏకకణ శిలీంధ్రం. దానికి 16 క్రోమోజోములు, సుమారు 6,000 జన్యువులు ఉన్నాయి. మొక్కజొన్నలో ఒక తరం చూడడానికి ఒక పంటకాలం వేచి ఉండాలి. ఈస్టులో గంటన్నర, రెండు గంటలు చాలు. అందువలన మెక్‌క్లింటాక్ ప్రశ్నలను తేల్చడానికి ఇది అనువైన జీవి అయింది. 1970లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోనే ఈస్టు జన్యుశాస్త్ర శిక్షణ తరగతులు మొదలయ్యాయి.

ఈస్టు కణం తన లింగరకాన్ని మార్చుకోవడానికి మెక్‌క్లింటాక్ చెప్పిన నియంత్రక అంశాల వంటివి కారణం కావచ్చునని జపాను శాస్త్రవేత్తలు ఒషిమా, టకానో 1971లో సూచించారు. 1977లో హిక్స్, స్ట్రాథర్న్, హెర్స్కోవిట్జ్ దీనిని స్పష్టమైన సిద్ధాంతంగా రూపొందించారు. ఇక్కడ కణం తన డీఎన్‌ఏను తానే ఒకచోట తెంచుకొని, అదే క్రోమోజోముపై మరొకచోట నిలువ ఉన్న ప్రతిని చూసి నింపుకుంటుంది. విరిగిన డీఎన్‌ఏ ఎలా అతుక్కుంటుందో తెలుసుకోవడానికి ఇది చక్కని ప్రయోగ సాధనమైంది. రెండు సెంట్రోమియర్లున్న క్రోమోజోములు ఈస్టులోనూ విరిగి మానుతాయని 1984లో జేమ్స్ హేబర్ బృందం చూపింది.

టెలోమియర్ రహస్యం కూడా ఈస్టు తోడ్పాటుతోనే వీడింది. టెట్రాహైమెనా అనే ఏకకణ జీవి క్రోమోజోము కొసలను తెచ్చి ఈస్టులోని డీఎన్‌ఏ ముక్కకు తగిలించగా ఆ ముక్క స్థిరపడిందని 1982లో షోస్టాక్, బ్లాక్‌బర్న్ ప్రకటించారు. కొసలను నిర్మించే టెలోమరేజ్ ఎంజైమును గ్రైడర్, బ్లాక్‌బర్న్ టెట్రాహైమెనాలో కనుగొన్నారు. ఈ ముగ్గురికీ 2009లో నోబెల్ బహుమతి లభించింది.

డీఎన్‌ఏ రెండు పేటలు పెనవేసుకున్న తాడు వంటిది. ప్రతి చేయడానికైనా, బాగుచేయడానికైనా ముందు పురి విప్పాలి. ఆ పని చేసే ఎంజైములను హెలికేజులు అంటారు. ఇవి ఒక పేట వెంట కదులుతూ రెండవ పేటను విడదీస్తాయి. ఇందుకు కావలసిన శక్తి ఏటీపీ అణువుల నుండి వస్తుంది. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో లోమాన్, అమెరికాలో ఫిస్కే, మన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్న సంగతి పాఠకులకు తెలిసినదే.

ఈస్టులో హెలికేజులు అనేకం ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి:

* ఎంసీఎం ప్రోటీనులు: డీఎన్‌ఏ ప్రతికృతి సమయంలో ముందు నడిచి పురి విప్పే ప్రధాన యంత్రం. వీటి జన్యువులను 1984లో మెక్‌క్లింటాక్ చదివిన కార్నెల్‌లోనే బిక్ టై బృందం ఈస్టులో గుర్తించింది.
* ఆర్ఆర్ఎం3: డీఎన్‌ఏను గట్టిగా పట్టుకొని ఉన్న ప్రోటీనులు అడ్డువచ్చే చోట్ల ప్రతికృతి ఆగిపోకుండా దారి చేస్తుంది.
* ఎస్‌జీఎస్1: మరమ్మతు సమయంలో రెండు డీఎన్‌ఏ అణువుల మధ్య పడే చిక్కులను ఇతర ఎంజైములతో కలిసి విడదీస్తుంది. మనుషులలో దీని బంధువులు లోపిస్తే బ్లూమ్ వ్యాధి, వెర్నర్ వ్యాధి కలుగుతాయి. రెండింటిలోనూ క్యాన్సర్ ముప్పు అధికం.
* ఎస్ఆర్ఎస్2: అవసరం లేనిచోట పునస్సంయోగం జరగకుండా, ఆ పని ప్రారంభించే ప్రోటీనును డీఎన్‌ఏ నుండి తొలగిస్తుంది.
* పిఫ్1: విరిగిన కొసపై టెలోమరేజ్ పనిచేయకుండా దానిని తొలగిస్తుంది. డీఎన్‌ఏలో ఏర్పడే కొన్ని గట్టి మడతలను కూడా విప్పుతుంది.

వీటిలో పిఫ్1 కథ మెక్‌క్లింటాక్ ప్రశ్నకు అతి సమీపమైనది. ఈ ఎంజైము లోపించిన ఈస్టులో టెలోమియర్లు పొడవవుతాయని, విరిగిన కొసలపై కొత్త టెలోమియర్లు ఎక్కువగా ఏర్పడతాయని 1994లో షుల్జ్, జకియన్ చూపారు. కొస మానడం మంచిదే కదా అనిపించవచ్చు. కాని క్రోమోజోము నడిమిలో విరిగినప్పుడు ఆ విరుపు మీదనే టెలోమియర్ కట్టివేస్తే, అవతలి ముక్కలోని జన్యువులన్నీ శాశ్వతంగా పోతాయి. అందుచేత కణం ముందుగా ముక్కలను సరిగా అతికే ప్రయత్నం చేయాలి. ఆ అవకాశాన్ని కాపాడేది పిఫ్1. పిఫ్1 లోపించిన ఈస్టులో క్రోమోజోముల పెద్ద మార్పులు ఎన్నో రెట్లు పెరుగుతాయని 2001లో రిచర్డ్ కోలోడ్నర్ బృందం నిరూపించింది. అంకురచ్ఛదంలో మానని కొస, పిండంలో మానిన కొస మెక్‌క్లింటాక్ ముందు ఉంచిన చిక్కుముడికి ఇది మరొక పార్శ్వం. మాన్పడం ఎంత అవసరమో, ఎక్కడ మాన్పకూడదో తెలియడం కూడా అంతే అవసరం.

నోబెల్ బహుమతి, చివరి సంవత్సరాలు

మెక్‌క్లింటాక్ 1967లో పదవీ విరమణ చేసినా కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోనే ఉండి పని కొనసాగించింది. 1970లలో తరలివెళ్ళే జన్యువుల ప్రాముఖ్యం వెల్లడి కావడంతో గౌరవాలు వరుసగా వచ్చాయి. 1983 అక్టోబరులో నోబెల్ బహుమతి వార్తను ఈమె రేడియోలో విన్నది. ఇంట్లో టెలిఫోను ఉంచుకోని మనిషి మరి. అప్పటికి వయసు 81 సంవత్సరాలు. మొక్కజొన్నలో ఈ సంగతిని మొదట ప్రకటించి మూడు దశాబ్దాలు దాటింది. 2025 వరకు కూడా వైద్యశాస్త్ర నోబెల్‌ను ఒంటరిగా పొందిన మహిళ మరొకరు లేరు.

ఆ సందర్భంగా స్టాక్‌హోంలో ఇచ్చిన ఉపన్యాసంలో ఈమె జంపింగ్ జన్యువుల గురించి మాత్రమే చెప్పి ఊరుకోలేదు. అనుకోని ఆపద ఎదురైనప్పుడు కణం దానిని గుర్తించి జన్యురాశిని ఎలా సర్దుకుంటుందన్న తన పాత ప్రశ్ననే ముందుకు తెచ్చింది. విరిగిన కొసల ఉదాహరణను ఆ ఉపన్యాసంలో వివరించింది.

ఈమె వివాహం చేసుకోలేదు. ఉదయం నుండి పొద్దుపోయే వరకు పొలంలోనో ప్రయోగశాలలోనో గడిపేది. ఒక్కొక్క మొక్కను మొలక నాటి నుండి గుర్తుపెట్టుకొని పరిశీలించేది. ప్రచారాన్ని ఇష్టపడేది కాదు. తన వద్దకు వచ్చే యువ పరిశోధకులకు మాత్రం ఎంత సమయమైనా వెచ్చించేది. 1992లో 90వ జన్మదినం సందర్భంగా నీనా ఫెడొరోఫ్, ఈస్టు జన్యు శాస్త్రవేత్త డేవిడ్ బోట్‌స్టీన్ సంపాదకత్వంలో ఒక వ్యాససంకలనాన్ని ఈమెకు సమర్పించారు. ఆ సంవత్సరమే సెప్టెంబరు 2న న్యూయార్క్ రాష్ట్రంలోని హంటింగ్టన్‌లో మరణించింది.

పురస్కారాలు, గౌరవాలు

* 1944 – అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యత్వం
* 1945 – అమెరికా జన్యుశాస్త్ర సంఘం అధ్యక్షత
* 1967 – కింబర్ జన్యుశాస్త్ర పురస్కారం
* 1970 – జాతీయ విజ్ఞాన పతకం. దీనిని పొందిన మొదటి మహిళ
* 1981 – లాస్కర్ పురస్కారం, వోల్ఫ్ బహుమతి, మెకార్థర్ ఫెలోషిప్
* 1982 – లూయిసా గ్రాస్ హార్విట్జ్ బహుమతి
* 1983 – వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి
* 1989 – లండన్ రాయల్ సొసైటీ విదేశీ సభ్యత్వం
* 2005 – అమెరికా తపాలా శాఖ ఈమె స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది